లాగ్ రిగ్రెషన్ నుంచి వెనక్కి వస్తే చెట్ల బరువు మొత్తం ఎందుకు తగ్గుతోంది?

మొలక (యలహంక, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది రాజంపేట దగ్గర పల్లె. ఇక్కడ బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. చెట్టును కొట్టకుండానే, దాని చుట్టుకొలత, ఎత్తు చూసి బరువెంతో చెప్పే సమీకరణాల మీద నా పని. ల్యాబులో అడిగితే "కరెక్షన్ ఫ్యాక్టర్ పెట్టి గుణించు, సరిపోతుంది" అంటున్నారు. గుణించడం నాకూ వచ్చు. ఎందుకు గుణించాలో తెలియకుండా థీసిస్‌లో రాయాలంటే మనసొప్పడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

డేటా ఎలా వచ్చిందో ముందు చెబుతాను. ఊరి బయట రోడ్డు వెడల్పు చేస్తూ చెట్లు కొట్టేస్తున్నారు. కానుగ, నేరేడు, వేప, తురాయి, నిద్రగన్నేరు, సిల్వర్ ఓక్. అనుమతి తీసుకుని, చెట్టు నిలబడి ఉండగానే 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీశాము, లేజరుతో ఎత్తు చూశాము. పడేశాక కాండం, కొమ్మలు, ఆకులు విడివిడిగా తూకం వేశాము. ప్రతి భాగం నుంచి ముక్కలు తెచ్చి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టి, పచ్చి బరువును ఎండు బరువుగా మార్చాము. రంపం పట్టే మేస్త్రీ ఒకాయన ధర్మపురి వైపు మనిషి. లారీలోకి ఎక్కిన దుంగల్ని చూసి ఎన్ని టన్నులో చెప్పేసేవాడు. వేబ్రిడ్జి చీటీ దాదాపు అంతే చూపించేది. ఆయన కంట్లో ఉన్న లెక్కను నేను సమీకరణంగా రాయాలి, అంతే తేడా.

బరువుకు లాగ్, వ్యాసానికి లాగ్ తీసి సరళరేఖ (రిగ్రెషన్) వేశాను. పాయింట్లు గీత చుట్టూ చక్కగా ఉన్నాయి, గీత ఎంత బాగా కుదిరిందో చెప్పే ఆర్ స్క్వేర్ కూడా చాలా ఎక్కువ. కానీ ఆ గీత చెప్పిన విలువల్ని మళ్లీ కిలోల్లోకి మార్చి అన్నీ కూడితే, నేను నిజంగా తూచిన మొత్తం కంటే తక్కువ వస్తోంది. అవే చెట్లు, అదే డేటా. రిగ్రెషన్‌లో ఎక్కువ తక్కువలు ఒకదానికొకటి చెల్లిపోయి మొత్తం సరిపోవాలి కదా?

ఇంకో రెండు సందేహాలు. ఈ సమీకరణాన్ని సావనదుర్గ వైపు అడవిలో మేం వేసిన ప్లాట్లకు వాడొచ్చా? అక్కడ చిగర, చిరుమాను లాంటి పొడి అడవి చెట్లు ఎక్కువ. లేదంటే ఉష్ణమండల చెట్లకు అందరూ వాడే, షావ్ బృందం 2014లో ఇచ్చిన సమీకరణమే తీసుకోవడం మేలా?

నల్లమద్ది (మల్లేశ్వరం)

మొలక గారూ, చెట్టును తూచి సమీకరణం రాసేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. ఎక్కువమంది ఇంకెవరో ఎక్కడో తూచిన లెక్కను తెచ్చుకుని వాడుకుంటారు. మీరు చేసిన పని విలువైనది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటి ప్రశ్నకు రెండు చెట్లు చాలు. రెండింటి వ్యాసం ఒకటే అనుకోండి. ఒకటి 200 కిలోలు తూగింది, ఇంకోటి 800 కిలోలు. మామూలు సగటు 500. లాగ్ తీసి సగటు కట్టి వెనక్కి వస్తే 200ను 800తో గుణించి వర్గమూలం తీసినట్టు, అంటే 400. మీ గీత ఆ వ్యాసం దగ్గర 400 అని చెబుతుంది. రెండు చెట్లకీ కలిపి 800. మీరు తూచింది వెయ్యి. పోయిన 200 కిలోలు అక్కడే పోయాయి.

ఎక్కువ తక్కువలు చెల్లిపోవడం అన్నది నిజమే, కానీ అది లాగ్ లోకంలో జరుగుతుంది. అక్కడ రెండు తేడాలూ సమానం, ఒకటి పైకి, ఒకటి కిందికి. కిలోల్లోకి దిగాక పైనున్న చెట్టు 400 ఎక్కువ, కిందున్నది 200 మాత్రమే తక్కువ. కాబట్టి వెనక్కి వచ్చినప్పుడు మీకు దొరికేది సగటు కాదు, మధ్యస్థం. ఒక్కో చెట్టు గురించి అడిగితే మధ్యస్థం చెప్పినా తప్పేం లేదు. ఎకరంలో ఎంత ఉంది అని అడిగినప్పుడు మాత్రం సగటే కావాలి, ఎందుకంటే మొత్తం కట్టేది సగటుతోనే.

లాగ్‌లో తేడాలు నార్మల్‌గా పరుచుకుని ఉంటే సగటుకూ మధ్యస్థానికీ ఉన్న నిష్పత్తి తేలిగ్గా తెలుస్తుంది. రెసిడ్యువల్స్ (గీత నుంచి ఒక్కో చెట్టుకున్న తేడాలు) ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్‌ను వర్గం చేసి, సగం చేసి, దాన్ని e ఘాతంగా ఎక్కించాలి. అడవి లెక్కలు చేసేవాళ్లకు దీన్ని 1972లో బాస్కర్‌విల్ గుర్తు చేశాడు, అప్పటి నుంచి ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. నార్మల్ అని నమ్మకం లేకపోతే 1983లో డ్యువాన్ చెప్పిన పద్ధతి ఉంది. ప్రతి రెసిడ్యువల్‌నూ e ఘాతంగా ఎక్కించి వాటి సగటు తీసి, దానితో గుణించడం. మీ డేటాకు రెండూ చేసి చూడండి. దగ్గర దగ్గరగా వస్తే నిశ్చింత. బాగా తేడా వస్తే మీ రెసిడ్యువల్స్‌లో ఏదో దాగి ఉంది, దాన్ని వెతకాలి. ఒక జాగ్రత్త: లాగ్ 10 ఆధారంగా తీసి ఉంటే ఆ ఎర్రర్‌ను ముందు 2.303తో గుణించండి. ఎక్సెల్‌లో మొదలుపెట్టిన పనుల్లో ఈ మెలిక తరచూ కనిపిస్తుంది.

అసలు లాగ్ నుంచి వెనక్కి వచ్చే పనే వద్దనుకుంటే లాగ్ లింక్‌తో గామా జీఎల్ఎం (జనరలైజ్డ్ లీనియర్ మోడల్) వేయండి. అది నేరుగా సగటునే అంచనా వేస్తుంది. పెద్ద చెట్ల దగ్గర ఎక్కువ తేడాలుంటాయన్న సంగతి కూడా దానికి ముందే తెలుసు.

ఇప్పుడు షావ్ సమీకరణం. 58 చోట్ల, 4,004 చెట్లను కొట్టి తూచిన డేటా నుంచి వచ్చింది. చెక్క సాంద్రతను వ్యాసం వర్గంతో, ఎత్తుతో గుణించి, దాన్ని 0.976 ఘాతానికి ఎక్కించి, 0.0673తో గుణిస్తే కిలోలు. 30 సెంటీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల ఎత్తు, 0.6 సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) ఉన్న చెట్టుకు దాదాపు 440 కిలోలు వస్తుంది. ఆ సమీకరణం రెసిడ్యువల్ ఎర్రర్ 0.357, కాబట్టి బాస్కర్‌విల్ గుణకం 1.066 దాకా. ఆ గుణకం 0.0673లో ముందే కలిసిపోయి ఉంది. తెలియక మళ్లీ గుణిస్తే అడవి మొత్తం ఆరేడు శాతం లావవుతుంది, ఆ లావు నేరుగా కార్బన్ లెక్కల్లోకి వెళ్తుంది.

ఆర్ స్క్వేర్ సంగతి కూడా చెప్పాలి. 5 సెంటీమీటర్ల మొక్క నుంచి 80 సెంటీమీటర్ల మాను దాకా ఒకే గీత మీద పెడితే ఆర్ స్క్వేర్ ఎక్కువ రాక ఏమవుతుంది? పెద్ద చెట్టు ఎక్కువ తూగుతుందన్న సంగతినే అది చెబుతోంది. ఎర్రర్ చూడండి. 0.357 అంటే మూడింట రెండొంతుల చెట్లు గీత చెప్పిన దానికి 0.70 రెట్ల నుంచి 1.43 రెట్ల మధ్య ఉంటాయని. గీత 400 అన్నచోట 280 నుంచి 570 దాకా. ఆ మాట చదివేవాడికి ఉపయోగపడుతుంది, ఆర్ స్క్వేర్ 0.95 లాంటి అంకె ఉపయోగపడదు.

రెండో ప్రశ్న దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. గుణకం మూడు నిమిషాల పని. మీ సమీకరణం ఏ చెట్ల నుంచి పుట్టింది, ఏ చెట్ల దగ్గరికి వెళ్తోంది అన్నదే అసలు విషయం.

మీ జాబితా మళ్లీ చూడండి. రోడ్ల పక్కన నిద్రగన్నేరు అంటే మహావృక్షం, కానుగ నడితరం. మీ డేటాలో పెద్ద వ్యాసాలన్నీ ఒక జాతివి, చిన్నవన్నీ ఇంకో జాతివి అయితే, గీత వాలు చెట్టు పెరుగుదలను చెప్పడం లేదు. కానుగ నుంచి నిద్రగన్నేరుకు దూకడాన్ని చెబుతోంది. ఏ జాతికి ఆ జాతి గీత గీస్తే వాలు ఒకలా ఉంటుంది, అన్నీ కలిపి గీస్తే ఇంకోలా. జాతికో రంగు పెట్టి ఒకసారి గ్రాఫ్ వేయండి, కంటికే కనిపిస్తుంది. తర్వాత చెక్క సాంద్రతను మోడల్‌లోకి తెచ్చి, జాతిని ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టండి, దీన్నే మిక్స్‌డ్ మోడల్ అంటారు. మూడు నాలుగు చెట్లే ఉన్న జాతికి సొంతంగా గీత గీయాలంటే ఆ గీత ఇష్టమొచ్చినట్టు పోతుంది. మిక్స్‌డ్ మోడల్‌లో అది మిగతా జాతుల దగ్గర కొంత బలం తెచ్చుకుంటుంది, తన దగ్గరున్న సాక్ష్యాన్ని బట్టి కొంత వేరుగా నిలబడుతుంది.

సాంద్రత ఎంత ముఖ్యమో అంకెల్లో చూడండి. పైన 440 కిలోలు వచ్చిన చెట్టు కొలతలే ఉంచి సాంద్రతను 0.6 నుంచి 1.0కి పెంచితే 720 దాటుతుంది. మీ రాజంపేట కొండల్లో ఎర్రచందనం చేవ ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది. బూరుగు 0.3కీ 0.4కీ మధ్య ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే గీత అంటే అన్యాయం. సాంద్రత విలువలకు 2009లో జానీ బృందం విడుదల చేసిన పట్టిక ఉంది, 8 వేలకు పైగా జాతులున్నాయి. కలప పుస్తకాల్లోంచి మాత్రం తీసుకోకండి. వాటిలో ఇచ్చేది చాలాసార్లు 12 శాతం తేమ ఉన్న చెక్క సాంద్రత. మనకు కావాల్సింది ఎండు బరువును పచ్చి ఘనపరిమాణంతో భాగించినది. వీలైతే మీ ముక్కల్లోంచే కొలవండి, ఓవెన్ ఎలాగూ ఉంది కదా.

ఇక ఊరి చెట్టుకూ అడవి చెట్టుకూ తేడా. రోడ్డు పక్క చెట్టుకు పక్కన పోటీ ఉండదు, ఎత్తుకు పోకుండా వెడల్పుకు పోతుంది. కరెంటు తీగల కోసం ఏటా నరుకుతారు. అందుకే అమెరికాలో నగర చెట్ల లెక్కలు కట్టేటప్పుడు, అడవి సమీకరణంతో వచ్చిన బరువును 0.8తో గుణించడం 1990ల నుంచి ఆనవాయితీగా పెట్టుకున్నారు. మీరు దాన్ని తిరగేసి ఊరి సమీకరణాన్ని అడవికి తీసుకెళ్తానంటున్నారు. సావనదుర్గ రాతి నేలలో, ఎండిపోయే కొండవాలు మీద పెరిగిన చిరుమాను మీ డేటాలో ఒక్కటి కూడా లేదు. నా మాట వింటే అడవి ప్లాట్లకు షావ్ సమీకరణం వాడండి, సాంద్రత జాతివారీగా పెట్టండి, ఎత్తు అక్కడే కొలవండి. మీరు తూచిన చెట్లతో బెంగళూరు చెట్లకు విడిగా సమీకరణం రాయండి. ఈ ఊరికి అది చాలా అవసరం. రోడ్డు కోసం కొట్టేసిన నిద్రగన్నేరు ఎంత కార్బన్ మోసిందో, దానికి బదులు నాటిన మొక్కలు ఆ బరువుకు ఎప్పుడు చేరతాయో చెప్పాలంటే ఇక్కడి చెట్లనే తూచి ఉండాలి.

చివరగా ఒకటి. ప్లాట్ మొత్తానికి ఎర్రర్ చెప్పేటప్పుడు, చెట్టు చెట్టుకూ ఉండే తేడాలు వందల చెట్లు కూడేసరికి చాలావరకు సర్దుకుంటాయి. సమీకరణంలోని గుణకాల్లో (0.0673, 0.976 లాంటి అంకెల్లో) ఉన్న తప్పు సర్దుకోదు, అది అన్ని చెట్లకీ ఒకే దిక్కున ఉంటుంది. పేపర్లలో చాలామంది మొదటిదాన్ని మాత్రమే చూపించి చిన్న ఎర్రర్ బార్ గీస్తారు. మీరు ఆ గుణకాలను వాటి కోవేరియన్స్‌తో (ఒకటి మారితే ఇంకోటి ఎలా మారుతుందన్న లెక్కతో) సహా యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ తీసుకుని మొత్తాన్ని ప్రతిసారీ లెక్కించండి. బార్ పెద్దదవుతుంది. కానీ అదే నిజమైన బార్.

శేషాచలం (హొరమావు)

అమ్మా మొలకా, నేను అటవీ శాఖలో రేంజి ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం భాకరాపేట, కోడూరు అడవుల్లోనే. ఇప్పుడు కొడుకు దగ్గర ఇక్కడ ఉంటున్నా. రిగ్రెషన్ నాకు రాదు, దాని గురించి పైన ఆయన రాసింది చదివి తెలుసుకున్నా. టేపు గురించి నేను చెప్పగలను.

సర్వీసులో ఉండగా చెట్టు కొలతలంటే చుట్టుకొలతే. మనకది 1.37 మీటర్ల దగ్గర, అంటే పాత నాలుగున్నర అడుగులు. బయటి దేశాల డేటా 1.30 దగ్గర తీస్తారు. మామూలు చెట్టుకు పెద్ద తేడా రాదు గాని, అడుగున ఉబ్బి ఉన్న చెట్టుకు వస్తుంది. ఎక్కడ కొలిచావో రాసిపెట్టు. చుట్టుకొలతను 3.1416తో భాగించాకే సమీకరణంలో పెట్టాలని నీకు తెలుసు, కానీ నీ షీటు రేపు ఇంకొకరు వాడతారు. నిలువు వరుస పైన "చుట్టుకొలత" అని పూర్తిగా రాయి. అది వ్యాసమనుకుని వాడేవాడికి బరువు దాదాపు పదింతలు చూపిస్తుంది.

కొండవాలులో చెట్టుకు పై వైపు నిలబడి కొలవాలి. తీగ అల్లుకుని ఉంటే టేపు దాని కిందనుంచి పోనివ్వాలి. ఛాతీ ఎత్తుకు దిగువన రెండుగా చీలితే రెండు కాండాలు విడివిడిగా తీసుకోవాలి. ఇక్కడే మన పొడి అడవుల చిక్కు. ఎండాకాలం నేలమంట పాకినా, ఎవరో కొట్టుకుపోయినా, మొదలు బతికి ఉంటే నాలుగైదు పిలకలు లేస్తాయి. చిరుమాను, తునికి అలా గుంపుగా ఉంటాయి. ఒక చెట్టా నాలుగు చెట్లా? బరువు లెక్కకు నాలుగు కాండాలు, జాతి లెక్కకు ఒక్క చెట్టు. రెండు అంకెలూ రాయి.

అన్నిటికంటే పెద్దది డొల్ల. ముదురు చెట్లలో చేవ కుళ్లి లోపల ఖాళీ అయిపోతుంది, బయట బెరడు నిగనిగలాడుతూ ఉంటుంది. నీ టేపుకు అది తెలియదు, సమీకరణానికీ తెలియదు. నల్లమద్ది, వేగిస చెట్లలో ఇలాంటివి చాలా చూశాను. గొడ్డలి వెనుక వైపుతో కాండం చుట్టూ మూడు నాలుగు చోట్ల తట్టు. గట్టి చెట్టు టక్కుమని పొడిగా పలుకుతుంది, డొల్లది గుమ్ముమంటుంది. కొమ్మ విరిగిన చోట తొర్ర ఉంటే, తేనెటీగలు దూరి ఉంటే, మొదట్లో పొడి రాలి ఉంటే అనుమానించు. మా గార్డులు ఈ శబ్దం పట్టుకోవడంలో నాకంటే మేలు. సావనదుర్గలో నీ వెంట వచ్చే వాచర్‌ను అడుగు, ఆయనకు తప్పక తెలిసి ఉంటుంది.

ఇంకొకటి తల్లీ, ఎర్రచందనం మాటొచ్చింది కాబట్టి. అక్కడి రాతివాలులో ముప్పై నలభై ఏళ్ల చెట్టు కూడా సన్నగానే ఉంటుంది. సన్నగా ఉందని వయసు తక్కువ కట్టకూడదు. ఆ చెట్టును కొట్టి తూచే వీలు నీకు ఎటూ లేదు, ఉండకూడదు కూడా.

మొలక

ఇద్దరికీ నమస్కారాలు. నల్లమద్ది గారు చెప్పినట్టు జాతికో రంగు పెట్టి గ్రాఫ్ వేశాను. పెద్ద వ్యాసాల చివర నిజంగానే నిద్రగన్నేరు, తురాయి తప్ప ఇంకేం లేవు. వేప, నేరేడు మాత్రం చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. వాటి వాలు అన్నీ కలిపిన వాలు కంటే ఎక్కువ. బాస్కర్‌విల్, డ్యువాన్ గుణకాలు రెండూ చాలా దగ్గరగా వచ్చాయి. గుణించాక మొత్తం తూకానికి బాగా దగ్గరైంది. 200, 800 లెక్క అర్థమయ్యాక ఇక ఎవరు అడిగినా చెప్పగలననిపిస్తోంది.

సావనదుర్గకు నా సమీకరణం వాడను, నిర్ణయించుకున్నాను. శేషాచలం గారూ, డొల్ల గురించి నేను ఎక్కడా చదవలేదు. దాన్ని లెక్కలోకి ఎలా తేవాలి? తట్టి చూసి ఆ చెట్టును డేటాలోంచి తీసేయాలా?

నల్లమద్ది

తీసేయకండి. డొల్ల చెట్టు కూడా అడవిలోని చెట్టే, తీసేస్తే ప్లాట్ మొత్తం తప్పవుతుంది. షీటులో ఒక వరుస పెట్టండి: గట్టి, అనుమానం, డొల్ల. బరువు అన్ని చెట్లకు లాగే లెక్కించి, తర్వాత డొల్ల అన్నవాటికి కొంత శాతం తగ్గిస్తే మొత్తం ఎంత మారుతుందో పది, ఇరవై, ముప్పై శాతాలతో వేరువేరుగా చూపించండి. ముఖ్యంగా 50 సెంటీమీటర్ల పైన ఉన్నవాటిలో ఎన్ని డొల్లలో చూడండి. 30 సెంటీమీటర్లు, 15 మీటర్ల చెట్టు 440 కిలోలైతే 60 సెంటీమీటర్లు, 22 మీటర్ల చెట్టు అదే సాంద్రతకు 2,470 కిలోల దాకా. అంటే అయిదున్నర రెట్ల పైనే. ప్లాట్‌లో పెద్దవి కొన్నే ఉన్నా బరువులో పెద్ద భాగం వాటి దగ్గరే. మీ దగ్గర టైము తక్కువుంటే చిన్న చెట్ల ఎత్తులు కొన్నిటికే కొలిచి మిగతావి వ్యాసం నుంచి అంచనా వేయండి. పెద్ద చెట్లకు మాత్రం ప్రతిదానికీ ఎత్తు కొలవండి, ప్రతిదాన్నీ తట్టండి.

శేషాచలం

గొడ్డలి తీసుకెళ్తే గేటు దగ్గర ఆపుతారమ్మా. చెక్క సుత్తి తీసుకెళ్లు, బెరడు కూడా దెబ్బతినదు. ఆకు రాలాక, ఫిబ్రవరిలో పోతే పైకొమ్మలు కనబడి ఎత్తు కూడా సరిగ్గా వస్తుంది. పొద్దున్నే వెళ్లు, గాలి లేనప్పుడు శబ్దం బాగా తెలుస్తుంది. ఆదివారం కాకుండా చూసుకో, ఆ రోజు కొండెక్కేవాళ్ల గోల ఉంటుంది.

మొలక

చెక్క సుత్తి యశ్వంతపురంలో దొరుకుతుందేమో చూస్తాను సార్. ఫిబ్రవరి మొదటి వారానికి పర్మిషన్ లెటర్ పెడుతున్నాను. షీటులో వరుస ఇప్పుడే చేర్చాను, చుట్టుకొలత అని పూర్తిగా రాశాను.